మూడు గంటల వంతు

పదకొండో రోజు కూడా తెల్లారింది. పదకొండో రోజు కూడా, బయలుదేరాల్సిన పడవ లంగరు మీదే ఉంది.

సూదక్క లేవగానే చేసే మొదటి పని మొహం కడుక్కోవడం కాదు. మూత తలుపు పైకి తోసి, తల బయటపెట్టి, ఎర్ర గుడ్డపీలిక ఎటు ఎగురుతోందో చూడడం. తెరచాప స్తంభాన్ని పట్టి ఉంచే ఉక్కు తీగకు ఆ పీలికను తనే కట్టింది. ఇవాళ కూడా అది దక్షిణం వైపే ఎగురుతోంది. అడిగి తెప్పించుకున్నా ఇంత మంచి గాలి రాదు. ఇది ఇంకో వారం ఉంటుంది, మహా అయితే పది రోజులు. తర్వాత తుపానుల కాలం మొదలవుతుంది. అప్పుడిక ఈ దీవుల్లో చిన్న పడవలేవీ నీళ్ళ మీద ఉండవు. క్రేనుతో ఒడ్డుకెత్తి, నాలుగు వైపులా గుంజలు పెట్టి, ఆర్నెల్లు మట్టి మీద నిలబెడతారు. గుంజల మధ్య నిలబడ్డ పడవను చూడడం ఆవిడ వల్ల కాదు. ఆ బాధ లేకుండా ఉండాలంటే దక్షిణాన ఉన్న దీవులకు వెళ్ళిపోవాలి. అక్కడికి తుపానులు రావు. ప్రయాణం ఏడు రోజులు. రేవులో పద్నాలుగు పడవలుంటే పదకొండు ఇప్పటికే వెళ్ళిపోయాయి.

"ఏమండీ, గాలి చూశారా?"

"చూశా." గొంతు ఇంజను పెట్టెలోంచి వచ్చింది. మనిషి నడుం దాకా అందులోనే ఉన్నాడు. "పంపు కారుతోందే. వాషరు పోయింది."

"నిన్న దీపం వైరు అన్నారు."

"అది నిన్న. ఇది ఇవాళ."

"మొన్న కప్పీ అన్నారు. అంతకుముందు కుళాయి. ఈ పడవ ఏమైనా రోజుకొక రోగం తెచ్చుకుంటానని మొక్కుకుందా?"

ఇంజను పెట్టెలో పానా ఒకటి టంగుమంది.

రేవులో ఎవరికీ వీళ్ళ అసలు పేర్లతో పని పడలేదు. ఆయన ముప్పై ఏళ్ళు లిఫ్టులు బాగుచేసిన మనిషి కాబట్టి లిఫ్టాయన. ఆవిడ పడవల వాళ్ళకు చిరిగిన తెరచాపలు కుట్టిపెడుతుంది కాబట్టి సూదక్క. ఇద్దరికీ అరవై అటూ ఇటూ. ఇద్దరూ కలిసి ఉంటున్న ఇల్లు ఇరవై ఎనిమిది అడుగుల పొడవున్న తెరచాప పడవ. అందులో తల తగలకుండా నిలబడి నడవగలిగేది మూడడుగులు. ఈ పదకొండు రోజులుగా సూదక్క ఆ మూడడుగులే ముందుకూ వెనక్కూ కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది.

"కూర్చోవే, తల తిరుగుతోంది నాకు," అన్నాడాయన, తల బయటికి తీసి. "టీ ఏమైనా కావాలా?"

"వద్దు."

"వీపు వెనక దిండు పెట్టనా?"

"నన్ను కాసేపు నా మానాన ఉండనివ్వండి బాబూ!"

నిజం చెప్పాలంటే ఈ పడవ పిచ్చి మొదట ఆయనదే. రిటైరైన మర్నాడే తెచ్చిపెట్టాడు ఫొటో. ఆవిడ చూసి, "నాకు ఈత రాదు, నీళ్ళంటే బకెట్లో ఉన్నవి చాలు," అంది. కూతురైతే ఫోన్లో ఏడ్చినంత పని చేసింది. అయినా ఆయన వింటేనా! మొదటి నెలంతా ఆవిడ కక్కుకుంటూనే ఉంది. రెండో నెలలో కక్కడం తగ్గి తిట్టడం మొదలైంది. మూడో నెలలో ఒకరోజు పొద్దున్నే చుక్కాని కర్ర పట్టుకుని ఒక్కతే కూర్చుంది. ఆయన కింద నిద్రపోతున్నాడు. చుట్టూ ఎటు చూసినా నీళ్ళు. తెరచాప నిండుగా ఉంది. ఆ మూడు గంటల్లో తనను ఎవరూ ఏమీ అడగలేదన్న సంగతి ఆవిడకు వంతు అయిపోయాక గుర్తొచ్చింది. గుర్తొచ్చి, కింద నిద్రపోతున్న మొగుణ్ణి ఇంకాసేపు లేపకుండా ఉంటే బాగుండుననిపించింది.

ముప్పై ఏళ్ళు ఆవిడ ఇంటి ముందుగదిలో మిషను మీద కుట్టింది. మిషను గోడవైపు, వీపు ఇంటివైపు. ఆ వీపు మీద పడని కేక లేదు. "అమ్మా, నా స్కూలు టై ఏదీ?" "ఒదినా, జాకెట్టు అయిందా?" "ఏమే, అద్దాలెక్కడ పెట్టాను?" తలుపు తట్టి అడిగేవాళ్ళు కొందరు, తట్టకుండా అడిగేవాళ్ళు ఎక్కువమంది. అలాంటి మనిషికి సముద్రం మూడు గంటలు చేతిలో పెట్టి, తీసుకో, ఇవి నీవి అంది. ఇక ఒడ్డున కాలు నిలుస్తుందా!

ఇద్దరే ఉన్న పడవలో పని జరిగేది వంతుల మీద. మూడు గంటలు ఒకరు చుక్కాని పడతారు, మూడు గంటలు ఒకరు పడుకుంటారు. టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమరు ఒకటుంది, అది మోగితే వంతు మారినట్టు. లేచినవాళ్ళు చుక్కాని అందుకుంటారు, దిగినవాళ్ళు నోటు పుస్తకంలో నాలుగు ముక్కలు రాసి, అప్పుడే ఖాళీ అయిన పడక బల్ల మీద వాలిపోతారు. పగలైనా రాత్రైనా అంతే, ఎన్ని రోజుల ప్రయాణమైనా అంతే. నోటు పుస్తకంలో సూదక్క రాసేది రోజూ ఒకటే మాట: "గాలి బాగుంది." లేకపోతే, "గాలి బాగాలేదు." ఆయన పేజీ పేజీలు రాస్తాడు. ఆవిడ అందులో గాలి సంగతి, ఓడల సంగతి ఉన్న వాక్యాలు మాత్రం చూసుకుని మూసేస్తుంది.

ఆ రోజు వాషరు కోసం తనే బయలుదేరింది. ఆయన్ని పంపితే సాయంత్రం దాకా రాడని ఈ పదకొండు రోజుల్లో తెలిసొచ్చింది. రబ్బరు తెప్ప దించి, తెడ్లు వేసుకుంటూ ఒడ్డుకెళ్ళింది. పడవలు బాగుచేసే యార్డు రేవుకు ఆనుకునే ఉంది. రంగు వాసన, రంపపు పొట్టు, ఎండకి కాలిపోతున్న ఇనప రేకులు. గుంజల మధ్య అప్పుడే రెండు పడవలు ఎక్కించారు. సూదక్క వాటివైపు చూడకుండా నడిచింది.

యార్డు యజమాని కొట్టు గుమ్మంలో ముక్కాలి పీట మీద కూర్చుని బోల్టులు కిరసనాయిల్లో కడుగుతున్నాడు. ఆవిడకు తమ్ముడు వరస కలుపుకున్నాడు ఎప్పుడో.

"తమ్ముడూ, పంపు వాషరు ఒకటివ్వు."

"మళ్ళీనా అక్కా? నిన్ననే కదా లిఫ్టాయన రెండు పట్టుకెళ్ళాడు!"

"నిన్ననా?"

"నిన్న పొద్దున్నే. అన్నట్టు, గదికి అల్మరా చెప్పమన్నాడు, వడ్రంగి రేపు వస్తానన్నాడు. మీకు రెండు అరలు చాలా, మూడు పెట్టించమంటావా?"

ఏ గదో సూదక్కకు తెలియదు. అయితే ఆవిడ ముప్పై ఏళ్ళు గిరాకీలతో వేగిన మనిషి, మొహంలో ఏదీ కనపడనివ్వకుండా మాట్లాడడం వచ్చు.

"గది చూశాక చెప్తాలే. తాళం ఇవ్వు," అంది.

ఇనప మెట్లెక్కితే వడ్రంగి షెడ్డు పైన ఒకటే గది. కొత్తగా సున్నం వేశారు. ఇద్దరు పట్టే మంచం. కిటికీ రోడ్డువైపు, కిటికీ కింద చెక్క బల్ల. బల్ల మీద చెయ్యి పెట్టి చూసింది. సరిగ్గా మిషనుకు పట్టే ఎత్తు. ఎడమవైపు గోడకి దీపం బిగించి ఉంది, కుట్టే చేతి నీడ బట్ట మీద పడకుండా. ఆ సంగతి ఆవిడ ఎప్పుడో పాతికేళ్ళ కింద విసుక్కుంటూ చెప్పింది. తలుపు వెనక టోపీలు తగిలించుకునే కొక్కేలు రెండు పక్కపక్కనే ఉన్నాయి. మంచి పనివాడి చెయ్యి అది. ఆవిడ గుర్తుపట్టకపోవడం ఎక్కడిది!

గదిలో నేల కదలకుండా ఉంది. సూదక్క మోకాళ్ళు మాత్రం పడవలో ఉన్నట్టే ఊగుతున్నాయి. మంచం అంచున కూర్చుని, వెంటనే లేచి నిలబడింది. అరికాలి మంట నెత్తికెక్కింది. దీపం కేసి ఇంకోసారి చూసింది. కోపం ఉన్నచోటే ఉంది గానీ దాని పక్కన ఇంకేదో వచ్చి చేరింది, అదేమిటో ఆలోచించే ఓపిక ఆవిడకు లేదు.

తాళం ఇచ్చేటప్పుడు యార్డు తమ్ముడు సంతోషంగా చెప్పుకుపోయాడు. "మా క్రేను మోటారు చూసేవాడు లేక తల ప్రాణం తోకకొస్తోందక్కా. లిఫ్టాయన దొరకడం నా అదృష్టం. వచ్చే వారం నుంచి చేరతానన్నాడు."

తెప్ప వెనక్కి ఎలా నడిపిందో ఆవిడకే తెలియదు. పడవ ఎక్కేసరికి ఆయన లోపల బల్ల మీద గుడ్డ పరిచి, పంపు ముక్కలు వరసగా పేర్చుకుని కూర్చున్నాడు. పాత వాషరు ఒక పక్కన పడి ఉంది. సూదక్క దాన్ని తీసుకుని మూత తలుపు దగ్గరి వెలుగులో పెట్టి చూసింది. నల్లటి రబ్బరు, అంచు దగ్గర అంగుళం మేర తెగింది. వేలితో తడిమింది.

లిఫ్టాయన తప్పు ఏమిటంటే, రబ్బరు చిరిగిందని చెప్పి ఎవరినైనా నమ్మించవచ్చు గానీ దర్జీ పని చేసే పెళ్ళాన్ని నమ్మించలేడు. చిరిగిన అంచు పీచు పీచుగా ఉంటుంది. దీని అంచు నున్నగా, కొంచెం ఏటవాలుగా ఉంది. ఆ ఏటవాలు ఆవిడ దారాలు కోసే బ్లేడుది.

"నా బ్లేడు తీశారా?"

ఆయన పంపు ముక్కలకేసి చూస్తూ నీళ్ళు నమిలాడు. "ఏ బ్లేడు?"

"దీన్ని కోసిన బ్లేడు. కప్పీ, కుళాయి, వైరు, అవీ మీ చలవేనా? గది చూసొచ్చాను. దీపం బాగా పెట్టారు. అల్మరాకి మూడు అరలు చెప్పమంటారా?"

ఆయన చేతిలోని పంపు ముక్క గుడ్డ మీద పెట్టాడు. పడవ కింద నీళ్ళు చప్పుడు చేస్తున్నాయి.

"గాలి పోయేదాకా ఆపి, ఆ తర్వాత చెబుదామనుకున్నారా? పడవ గుంజల మీదకెక్కాక? అప్పుడిక నేను ఎక్కడికీ పోలేనని?"

"అవును," అన్నాడాయన. అబద్ధం చేతకాని మనిషి, పదకొండు రోజులు ఎలా ఆడాడో పాపం, ఇప్పుడు దించుకున్నట్టయింది. "అవునే, అలాగే అనుకున్నా."

"ఎందుకండీ? భయమా? భయమైతే భయమని చెప్పొచ్చుగా, నేనేమైనా నవ్వుతానా?"

"భయం కాదు." ఆయన లేచి, అరలోంచి నోటు పుస్తకం తీసి, చివరి అట్ట లోపలివైపు తెరిచి ఆవిడ ముందు పెట్టాడు. పెన్సిలు గీతలు. నాలుగు. "ఇక్కడికి వచ్చిన ప్రయాణం ఎన్ని రోజులు?"

"పంతొమ్మిది."

"పంతొమ్మిది రోజుల్లో ఇద్దరం కలిసి కూర్చుని తిన్నది నాలుగు సార్లు. గాలి లేని రోజుల్లో. మిగతా అన్నిసార్లూ నువ్వు మూత పెట్టిన గిన్నెలో నేను తిన్నాను, నేను మూత పెట్టిన గిన్నెలో నువ్వు తిన్నావు."

"పడవన్నాక అంతే కదా..."

"ముప్పై ఏళ్ళు నేను లిఫ్టు గుంతల్లో ఉన్నాను. ఇంటికొస్తే నువ్వు మిషను మీద ఉండేదానివి, నీ వీపు చూస్తూ అన్నం తినేవాణ్ణి. రిటైరయ్యాక ఇద్దరం ఒకచోట ఉండాలనే కదే పడవ కొన్నది! ఇరవై ఎనిమిది అడుగుల్లో పెళ్ళాం నాకు కనపడకుండా ఎక్కడికి పోతుందిలే అనుకున్నా. తీరా చూస్తే నువ్వు లేచి వెళ్ళిన బల్ల మీద, నీ వెచ్చదనం మీద పడుకుంటున్నా. మూడేళ్ళయింది సముద్రం మీద నీ పక్కన నిద్రపోయి. అసలు పోనేలేదు." ఆయన నోటు పుస్తకం మూసి పక్కన పెట్టాడు. "నా నిద్ర టైములో మెట్ల మీద కూర్చుని నిన్ను చూసేవాణ్ణి, తెలుసా? లోపల నీడలో, రెండో మెట్టు మీద. నువ్వు తెరచాప చూస్తావు, దూరాన అలలు చూస్తావు. ఒక్కసారీ కిందకి చూడలేదు. పిలుద్దామనుకునేవాణ్ణి. నీ మొహం చూస్తే పిలవబుద్ధయ్యేది కాదు. అంత హాయిగా ఉండేదానివి. నేను లేకపోతేనే నీకు బాగుందే."

సూదక్క కాదని చెప్పబోయింది. నోరు తెరిచింది కూడా. కానీ ఆయన అంత నిజం చెప్పాక ఎదురుగా కూర్చుని అబద్ధమాడడం ఆవిడకు చేతకాలేదు.

"బాగుంటుంది," అంది. "మీరంటే ఇష్టం లేక కాదు. ఆ మూడు గంటలూ నన్ను ఎవరూ ఏదీ అడగరు. నాకు బతుకులో అవి ఇంతకుముందు దొరకలేదండీ. ఈ పదకొండు రోజులూ ఒళ్ళంతా జెర్రులు పాకినట్టుంది. ఆ గదిలో ఆర్నెల్లు ఉంటే నాకు పిచ్చెక్కుతుంది. మీ మీద అరుస్తాను, తర్వాత మిమ్మల్ని చూస్తేనే చిరాకు పుడుతుంది. అది నాకు భయం."

"నేను ఇంకో ఏడు రోజులు కూడా అలా ఉండలేనే," అన్నాడాయన మెల్లగా. "నువ్వు వెళ్ళాలంటే... యార్డులో ఎవరో కుర్రాళ్ళు దక్షిణానికి పోతామంటున్నారు. వాళ్ళని తోడు తీసుకెళ్ళు. పడవ నీ పేరు మీదే ఉంచుతాను."

అది ఆయన ఆలోచించి పెట్టుకున్న మాట. చెప్పే తీరులో తెలిసిపోయింది. పదకొండు రోజులుగా వెళ్దాం వెళ్దామని గొడవ చేసింది గానీ, వెళ్ళడమంటే ఇలా కూడా అవుతుందని ఆవిడకు తట్టలేదు. చేతిలో వాషరు ఇంకా అలాగే ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి, మూడడుగులు వేసి, మూడడుగులు వెనక్కొచ్చింది. మళ్ళీ వేసింది. ఆ తర్వాత ముందువైపు అరలోంచి పాత తెరచాప ఒకటి లాగి కింద పడేసింది.

"లేవండి. అటు తిరిగి పడుకోండి దీని మీద."

"ఎందుకే?"

"కొలత తీసుకోవాలి."

రెండు రోజులు కుట్టింది. నోట్లో గుండుసూదులు, మెళ్ళో టేపు, మొహాన చెమట. బరువైన గుడ్డ, మిషను సూదులు ఐదు విరిగాయి. చుక్కాని దగ్గర కూర్చునే చోట పక్కనే, అటు నుంచి ఇటు దాకా పట్టే పడక అది. దొర్లి నీళ్ళలో పడకుండా ఒక పక్క గుడ్డగోడ, దానికి ఇత్తడి రింగులు బిగించిన కన్నాలు, కన్నాల్లోంచి తాళ్ళు. ఆయన ఏమీ అడగకుండా కొక్కేలు బిగించాడు. పంపుకి కొత్త వాషరు వేశాడు. కప్పీ, కుళాయి, వైరు అన్నీ పది నిమిషాల్లో బాగయ్యాయి. చెడగొట్టినవాడికి బాగుచేయడం ఎంతసేపు!

"ఇక మీరు కింద పడుకోవద్దు. నేను చుక్కాని పట్టినప్పుడు మీరు ఇక్కడ, మీరు పట్టినప్పుడు నేను ఇక్కడ," అంది, చివరి దారం పళ్ళతో తెంపుతూ.

"వానొస్తే?"

"తడుస్తారు."

"అక్కడికెళ్ళాక?"

"మీ ఆర్నెల్లు మీకు. అక్కడ గది చూడండి. నేను అరిస్తే పడండి."

యార్డు తమ్ముడు తాళం వెనక్కి తీసుకుంటూ, క్రేను మోటారుని తలుచుకుని ఏడుపు మొహం పెట్టాడు. లిఫ్టాయన వెళ్ళేముందు గంటసేపు కూర్చుని దాన్ని బాగుచేసి పెట్టి మరీ వచ్చాడు.

పదమూడో రోజు పొద్దున లంగరు ఎత్తారు.

ప్రయాణంలో మూడో రోజు మధ్యాహ్నం. వంతు సూదక్కది. టైమరు పన్నెండింటికి తిప్పింది, మూడింటికి మోగుతుంది. గాలి వెనకనుంచి నిలకడగా వీస్తోంది. ఎర్ర పీలిక ముందుకే చూపిస్తోంది. నీళ్ళు నీలంగా, వేడిగా, ఎక్కడా అడ్డు లేకుండా ఉన్నాయి. రేవులో కూర్చుని ఆవిడ పదకొండు రోజులు ఏ సముద్రం కోసం కలవరించిందో ఆ సముద్రం ఇదే.

పక్కన లిఫ్టాయన గురక పెడుతున్నాడు.

అలాంటిలాంటి గురక కాదు. మొదలై, మధ్యలో ఆగి, పోయాడేమోనని ఆవిడ తిరిగి చూసేదాకా ఆగి, మళ్ళీ అందుకునే గురక. మోచెయ్యి ఆవిడ తొడకి తగులుతోంది. నిద్రలో కాలు తంతున్నాడు. మూడు రోజులుగా ఇదే వరస. అల చూద్దామనుకుంటే గురక వినపడుతుంది, తెరచాప చూద్దామనుకుంటే కాలు తగులుతుంది. మూడు గంటలు మూడు గంటల్లా లేవు. ఆవిడకు ఒళ్ళు మండుతోంది. ఇంత కష్టపడి, రెండు రోజులు వేళ్ళు పొడుచుకుని, తన మూడు గంటలనీ తనే కోసి ఇచ్చేసుకుంది. పెద్ద గొప్ప పని చేశాననుకుంది కూడా. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఎవరూ చూడలేదు కాబట్టి తుడుచుకోలేదు.

ఒక అల పక్కనుంచి లేచి చినుకులు విసిరింది. ఆయన మొహం మీద పడ్డాయి. ఆవిడ చుక్కాని వదలకుండానే రెండో చేత్తో గుడ్డగోడ కొంచెం పైకి లాగింది. ఆయన సగం కళ్ళు తెరిచాడు. తను ఎక్కడున్నదీ తెలియనట్టు ఒక క్షణం చూసి, ఎదురుగా ఆవిడ మొహం కనపడగానే నెమ్మదించాడు.

"ఏమైనా కావాలా?" అన్నాడు, నిద్రమత్తులో.

ఏం వద్దు, పడుకోండి. ఆ మాట నాలిక చివరే ఉంది. ముప్పై ఏళ్ళుగా అక్కడే ఉండి, పిలవకముందే బయటికొచ్చే మాట. సూదక్క టైమరు చూసింది. ఇంకా గంటా పది నిమిషాలుంది. ఆయన కళ్ళు మళ్ళీ మూతలు పడబోతున్నాయి.

"మంచినీళ్ళివ్వండి," అంది.

ఆయన గబుక్కున లేచాడు. తాళ్ళలోంచి కాళ్ళు విడిపించుకుని, తూలుతూ మెట్లు దిగాడు. కింద గ్లాసు చప్పుడైంది, కుళాయి చప్పుడైంది. సగం ఒలకబోసుకుంటూ పైకొచ్చి అందించాడు. ఆవిడ గ్లాసు ఎత్తి గుటక గుటకగా మొత్తం తాగింది. ఆయన ఖాళీ గ్లాసు అందుకుంటూ కిందకి చూశాడు. ఆవిడ కాలి దగ్గర, తాడు చుట్టలో, నీళ్ళ సీసా మూత కూడా తియ్యకుండా నిండుగా ఉంది.

ఆయన గ్లాసు చేత్తో పట్టుకుని ఆవిడ పక్కన కూర్చున్నాడు.